కరకర ఎక్కడిది? ఉలవపాడులో మా ఇంటి ఫోన్ లైన్ డైరీ

2005 అక్టోబరు 16, ఆదివారం

పొద్దున అమెరికా నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. వారమంతా అమ్మ ఎదురుచూసేది ఆ పావుగంట కోసమే. రిసీవర్ ఎత్తినప్పటి నుంచి ఒకటే కరకర, కాగే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. "ఏందిరా, వినపళ్ళా... గట్టిగా చెప్పు" అని అమ్మ అరుస్తుంది, అవతల వాడూ అరుస్తాడు. అయిదు నిమిషాలకే ఇద్దరూ అలిసిపోయారు. ఫోన్ పెట్టేశాక కూడా అమ్మ కాసేపు రిసీవర్ మీద చెయ్యి తియ్యలేదు. ఇక ఈ పని వాయిదా వెయ్యకూడదని అప్పుడే అనుకున్నాను.

నా తిప్పలు నాకున్నాయి. మా ఇంటర్నెట్ కూడా ఈ ఫోన్ లైన్ మీదే, మోడెమ్ అనే డబ్బా డయల్ చేస్తేనే వస్తుంది. సాయంత్రం చెల్లి పరీక్ష దరఖాస్తు ఫారం డౌన్‌లోడ్ చేద్దామని కూర్చుంటే గంటన్నరలో ఇంటర్నెట్ 11 సార్లు కట్ అయింది. ప్రతిసారీ మళ్ళీ డయల్ చెయ్యాలి, ప్రతి డయల్‌కీ బిల్లులో ఇంకో కాల్ పడుతుంది. కనెక్ట్ అయినప్పుడు కింద మూల చూపించే స్పీడు సెకనుకు 26,400 బిట్లు. ఒకసారి 24,000. మోడెమ్ డబ్బా మీద మాత్రం 56కె, అంటే 56,000 అని ఉంది.

ఎవరిని అడిగినా ఒకటే మాట, మోడెమ్ మార్చమని. నాన్న మాత్రం, "రోగం ఏందో తెలీకుండా మందు కొంటారా ఎవరైనా" అన్నారు. నాకూ అదే సరైన మాట అనిపించింది. ఒక నోట్‌బుక్ పెట్టాను. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ స్పీడెంత, ఎన్నిసార్లు కట్ అయింది, బయట వానా ఎండా అన్నది రాయాలి.

అక్టోబరు 17, సోమవారం

ముందు మోడెమ్ సంగతి తేల్చేద్దామని, దానికి నేరుగా ఆదేశాలిచ్చే హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రాం తెరిచాను. అందులో ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే అని జవాబు వచ్చింది, అంటే మోడెమ్ ప్రాణంతోనే ఉంది. ఏటీ&వీ1 కొడితే మా మోడెమ్ చివరి కనెక్షన్ వివరాలు చెబుతుంది. ఏ స్పీడుతో మొదలైంది, ఏ స్పీడుకు దిగింది, ఎందుకు తెగింది, మధ్యలో ఎన్నిసార్లు రీట్రెయిన్ అయింది, అన్నీ. రీట్రెయిన్ అంటే లైన్ చెడిపోయిందని గుర్తించి రెండు వైపులా మోడెమ్‌లు మాట ఆపేసి మళ్ళీ కొత్తగా కొలతలు చూసుకోవడం. ఆ సేపు డేటా ఏమీ కదలదు. మనకేమో పేజీ కొన్ని సెకన్లు బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. నిన్నటి ఒక్క కాల్‌లోనే 9 రీట్రెయిన్‌లు ఉన్నాయి.

26,400 అనే అంకె కూడా ఒక కబురు చెబుతోంది. మోడెమ్‌లు మాట్లాడుకునే పాత పద్ధతి వీ.34లో స్పీడు 2,400 చొప్పున మెట్లు ఎక్కుతుంది: 24,000, 26,400, 28,800 అలా 33,600 దాకా. 1998లో వచ్చిన వీ.90లో మెట్టు 1,333 చిల్లర: 42,667, 44,000, 45,333. మన ఫోన్ కాల్ మోసేది 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న గొంతు శబ్దాన్నే. ఎక్స్ఛేంజీ నుంచి ఇంటర్నెట్ వాళ్ళ దాకా దారి మొత్తం డిజిటల్‌గా ఉండి, ఒక్క మన ఇంటి వైరు మాత్రమే అనలాగ్ పద్ధతిలో ఉంటే వీ.90 పనిచేస్తుంది. మా ఎక్స్ఛేంజీ డిజిటల్‌దే. అయినా మోడెమ్ వీ.90 ప్రయత్నించి, కుదరక, వీ.34కు దిగిపోతోందంటే, మధ్యలో ఉన్న రాగి వైరులోనే ఏదో తేడా ఉంది.

చెల్లి ఫారం ఆగదు కాబట్టి తాత్కాలికంగా రెండు మార్పులు చేశాను. ఏటీ+ఎంఎస్=వీ34 అని పెట్టి, వీ.90 జోలికి పోవద్దని మోడెమ్‌కు చెప్పాను. లైన్ పోతే మోడెమ్ ఎంతసేపు ఆగాలో చెప్పే ఎస్10 అనే సెట్టింగ్‌ను 14 నుంచి 50కి పెంచాను. అది సెకనులో పదో వంతు లెక్క. లైన్ 1.4 సెకన్లు పోతే పెట్టేసే మోడెమ్ ఇప్పుడు 5 సెకన్లు ఓపిక పడుతుంది. ఈ రాత్రి 24,000తోనే 50 నిమిషాలు నిలబడింది, ఫారం వచ్చేసింది. పైకి పెద్ద అంకె చూపించి అయిదు నిమిషాలకోసారి తెగేదాని కంటే చిన్న అంకెతో నిలకడగా ఉండే లైన్ నయం. కానీ ఇది జ్వరానికి తడిగుడ్డ వెయ్యడం లాంటిదే.

అక్టోబరు 19, బుధవారం

రాత్రి 11 దాటాక ఇల్లంతా సద్దుమణిగింది. ఫోన్ ఎత్తి ఏదో ఒక అంకె నొక్కాను. అలా చేస్తే డయల్ టోన్ ఆగిపోతుంది, తర్వాతి అంకె కోసం ఎక్స్ఛేంజీ ఎదురుచూసే ఆ కొన్ని సెకన్లు లైన్ మౌనంగా ఉండాలి. మాది మౌనంగా లేదు. కళ్ళు మూసుకుని నాలుగైదు సార్లు విన్నాను. ఇన్నాళ్ళూ ఒకటే గోల అనుకున్నది నిజానికి రెండు శబ్దాలు. ఒకటి తుమ్మెద ఎగిరినట్టు ఎడతెరిపి లేని గుయ్‌మనే శబ్దం. రెండోది చిటపట, దానికి లెక్కా పత్రం లేదు, ఆగి ఆగి వస్తుంది. శబ్దాలు రెండైతే జబ్బులు కూడా రెండుండాలి.

వరండా గోడ మీద రోసెట్ డబ్బా ఉంది. బయటి నుంచి వచ్చే డ్రాప్ వైరు అందులోకే వస్తుంది, అక్కడి నుంచే ఇంట్లోకి వైర్లు వెళ్తాయి. టార్చి పెట్టి మూత తీశాను. స్క్రూల తలల మీద కిలుము పచ్చగా పేరుకుని ఉంది, దాని మీద ఉప్పు రాలినట్టు తెల్లటి పొడి. ఒక మూల చీమలు గుడ్లతో సహా కాపురం పెట్టాయి. సముద్రం మాకు కొద్ది కిలోమీటర్ల దూరమే. కారేడు వైపు నుంచి రోజూ సాయంత్రం వీచే ఉప్పుగాలి కిటికీ ఊచల్నే తినేస్తోంది, ఈ ఇత్తడి స్క్రూలు ఎంత?

ఇంట్లోకి పోయే వైర్లన్నీ ఊడదీసి, బయటి వైరు రెండు కొసలకీ నేరుగా ఒక ఫోన్ కలిపి మళ్ళీ విన్నాను. గుయ్‌మనేది లేదు! చిటపట మాత్రం అలాగే ఉంది. అంటే గుయ్‌మనే శబ్దం మా ఇంట్లోది, చిటపట బయటిది. మోడెమ్‌కు ఈ రెండిటిలో దేనితోనూ సంబంధం లేదు. ఇన్ని నెలల అనుమానం పది నిమిషాల్లో తేలిపోయింది.

ఒక జాగ్రత్త రాసుకోవాలి. వైరు కొసలు వేళ్ళతో పట్టుకుని ఉండగా పక్కింటి పెద్దమ్మ ఫోన్ చేసింది. రింగ్ కోసం ఎక్స్ఛేంజీ పంపేది 75 వోల్టుల పైచిలుకు ఏసీ. చెయ్యి ఝల్లుమంది. ఇకనుంచి ప్లాస్‌తోనే పట్టుకోవాలి. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు అసలు ముట్టుకోకూడదు.

అక్టోబరు 23, ఆదివారం

ఇంటి లోపలి పని ఈ రోజు పూర్తయింది.

పాత వైరింగ్ ఎలా ఉందంటే, రోసెట్ నుంచి హాల్లోకి, అక్కడి నుంచి గదిలోకి, మళ్ళీ పెరటి వసారాలోకి మొత్తం 20 మీటర్ల పైన బల్లపరుపు వైరు. పెరటి ఫోన్ రెండేళ్ళ కిందటే తీసేశాం, వైరు మాత్రం గాల్లో వేలాడుతూ ఉండిపోయింది. అన్నిటి కంటే పెద్ద తప్పు, హాల్లో ఈ వైరును బోరు మోటారు కరెంటు వైరుతో కలిపి ఒకే కేసింగ్ పట్టీలో తోశారు. పది మీటర్లు రెండూ జంటగా పోతున్నాయి.

ఫోన్ వైర్లు రెండిటినీ జడలా మెలిపెట్టడం అందం కోసం కాదు. పక్కన కరెంటు వైరు ఉంటే దాని 50 హెర్ట్జ్ రొద రెండు పోగుల్లోకీ ఎక్కుతుంది. మెలికలు ఉంటే రెండిటికీ సమానంగా ఎక్కుతుంది. ఫోన్ వినేది రెండు పోగుల మధ్య తేడానే కాబట్టి సమానంగా ఎక్కినది చెల్లుకు చెల్లు. బల్లపరుపు వైరులో ఒక పోగు ఎప్పుడూ కరెంటు వైరుకు దగ్గరగా, రెండోది దూరంగా ఉంటుంది. ఆ తేడా గుయ్‌మని చెవిలో పడుతుంది.

కందుకూరు వెళ్ళి 25 మీటర్ల మెలి ఫోన్ వైరు, కొత్త రోసెట్ తెచ్చాను. మోడెమ్‌ను రోసెట్‌కు దగ్గరలో పెట్టి మొదటి పాయింటు దానికే ఇచ్చాను. కరెంటు వైరును దాటాల్సిన ఒకే ఒక్క చోట అడ్డంగా దాటించాను, పక్కపక్కన పోనివ్వలేదు. పెరటి వైరు పీకేశాను. రోసెట్ వరండా గోడకే ఉంటుంది కానీ ఎండా వానా తగలకుండా లోపలికి జరిపి, స్క్రూల మీద పల్చగా వేజలిన్ రాశాను.

గుయ్ పూర్తిగా పోయింది. వీ.34 కట్టుబాటు తీసేసి చూస్తే రెండుసార్లు 40,000 దాటింది. కట్ కావడం మాత్రం పోలేదు, రాత్రి గంటన్నరలో 7 సార్లు.

అక్టోబరు 27, గురువారం

మొన్నటి నుంచి వాన. మా తీరంలో నైరుతి కంటే ఈశాన్యమే ఎక్కువ కురుస్తుంది, అదే మాకు అసలు వానాకాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అడపాదడపా కురుస్తూనే ఉంటుంది. ఆ చిటపట ఎక్కడిదో పట్టుకోవాలంటే ఇదే అదను.

మల్టీమీటర్‌తో రోజుకు మూడుసార్లు కొలుస్తున్నాను. ఫోన్ పెట్టేసి ఉన్నప్పుడు రెండు వైర్ల మధ్య 48 నుంచి 50 వోల్టుల డీసీ ఉండాలి. ఎండ కాసిన రోజు 49.4. నిన్న జోరువానలో 43కి దిగింది. వాన వెలిసి నాలుగు గంటలయ్యాక మళ్ళీ 48. వాడకుండానే వోల్టులు తగ్గాయంటే ఎక్కడో తడి తగిలి కరెంటు కారిపోతోంది. లైన్‌మన్‌లు దీన్నే లో ఇన్సులేషన్ అంటారు.

ఇంకోటి గమనించాను. గాలి వీచినప్పుడు చిటపట పెరుగుతుంది. రింగ్ వచ్చిన వెంటనే ఫోన్ ఎత్తితే మాత్రం లైన్ చాలాసేపు శుభ్రంగా ఉంటుంది! అందుకే చెల్లిని పక్కింటి నుంచి రింగ్ ఇమ్మని చెప్పి, అది ఆగిన వెంటనే నెట్ డయల్ చేసి చూశాను. 40 నిమిషాలు నిలిచింది. కిలుము పట్టిన జాయింటు మామూలు వోల్టేజీకి సరిగ్గా దారివ్వదు. రింగ్ వోల్టేజీ బలమైనది కాబట్టి ఆ పొరను చీల్చుకుని పోతుంది, కాసేపు దారి తెరిచి ఉంటుంది, తర్వాత మళ్ళీ మూసుకుంటుంది. కాబట్టి తడి చేరే చోటొకటి, వదులైన జాయింటొకటి, రెండూ బయటే ఉన్నాయని నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను.

నవంబరు 3, గురువారం

కంప్లయింట్ ఇచ్చిన మూడో రోజుకు లైన్‌మన్ అన్న వచ్చాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. తన టెస్ట్ ఫోన్ తగిలించి విన్నాడు, ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి టెస్ట్ చేయించాడు. అంతా ఓకే అన్నారు. నిజమే, ఆ టైములో అంతా ఓకేనే. నోట్‌బుక్ ఆయన ముందు పెట్టాను. తేదీ, వాన, వోల్టులు, కట్ అయిన లెక్క చివరిదాకా చూశాడు. "ఇట్టా ఎవరూ రాసియ్యలేదు అబ్బయా. వాన పడేటప్పుడు నాకు ఫోన్ చెయ్యి, తడుస్తానైనా వొస్తా" అన్నాడు. ఇన్ని ఊళ్ళకు ఆయన ఒక్కడే. కంప్లయింట్ పుస్తకంలో "లైన్ బాలేదు" అని మాత్రమే ఉంటే ఆయన మాత్రం ఏం పట్టుకోగలడు?

నవంబరు 8, మంగళవారం

పొద్దున్నే సన్న జల్లు. మీటరులో 44. ఫోన్ చేశాను. అన్నమాట ప్రకారం తొమ్మిదిన్నరకు వచ్చాడు.

ముందు వీధి మలుపులో స్తంభం మీది డీపీ బాక్స్ తెరిచాడు. ఎక్స్ఛేంజీ నుంచి భూమిలో వచ్చే జెల్లీ కేబుల్ అక్కడ పైకొచ్చి ఇళ్ళకు చీలుతుంది. మా డ్రాప్ వైరు ఊడదీసి తన ఫోన్ కలిపి విన్నాడు. శుభ్రంగా ఉంది. కిందికి అందిస్తే నేనూ విన్నాను. నిశ్శబ్దం. ఎక్స్ఛేంజీ నుంచి స్తంభం దాకా ఏ దోషమూ లేదు. ఇక వెతకాల్సింది స్తంభం నుంచి మా వరండా దాకా ఉన్న 60 మీటర్లే.

ఆ వైరు పెద్దమ్మ వాళ్ళ దొడ్లోని మామిడిచెట్టు మధ్యలోంచి వస్తుంది. వైరు కట్టినప్పుడు అది చిన్న మొక్క అంట. ఇప్పుడు కొమ్మలు వైరును మింగేశాయి. నిచ్చెన వేసి అన్న ఎక్కాడు, కింద నేను పట్టుకున్నాను. ఆకులు కలిపి కుట్టుకున్న ఎర్రచీమల గూడొకటి దులపాల్సి వచ్చింది. దాని వెనకే ఉంది జాయింటు.

దాన్ని కోసి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడో తెగితే రెండు కొసలూ మెలేసి టేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కరిగి జారిపోయి, ఒట్టి నల్లటి పీలిక మిగిలింది. విప్పితే లోపల నీళ్ళు. రాగి పచ్చగా మారి, గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. ఒక పోగు దాదాపు తెగిపోయి ఉంది, వెంట్రుక మందాన మాత్రమే పట్టుకుని వేలాడుతోంది. గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా అది తగులుతూ విడిపోతూ ఉంది. మా అమ్మ మాటల మధ్యలో చిటపటలాడింది ఇదే.

అక్కడికి జానెడు దూరంలో రెండోది. లావుపాటి కొమ్మ వైరును ఒరుసుకుని ఒరుసుకుని, రెండు పోగుల మీదా తొడుగు అరగదీసింది. ఎండలో ఏమీ కాదు. బెరడు తడిస్తే రెండు రాగి పోగులూ తడి బెరడును తాకుతాయి, కరెంటు కారుతుంది. 43 వోల్టుల లెక్క అక్కడ తేలింది.

కొమ్మ కొట్టేద్దామా అని అడిగితే పెద్దమ్మ గుమ్మంలోంచే, "కొమ్మ జోలికి పోబాకండయ్యా, ఏటా కాపంతా దాని మీదే" అంది. ఉలవపాడులో మామిడికొమ్మ నరకమంటే ఎవరు ఒప్పుకుంటారు? దారి మార్చడమే మంచిదన్నాడు అన్న. చెట్టును తప్పించి మా ప్రహరీ గోడ వెంబడి కొత్త డ్రాప్ వైరు, ఒక్క జాయింటు కూడా లేకుండా లాగాం. రోసెట్‌లోకి వచ్చే ముందు వైరును కిందికి వంచి ఒక చుట్టు ఇచ్చాడు, వాననీళ్ళు వైరు వెంట జారి లోపలికి రాకుండా ఆ వంపు దగ్గరే కారిపోవడానికి. వైర్లు ఎక్కడైనా కలపాల్సివస్తే టేపు చుట్టొద్దని, లోపల జెల్లీ ఉండే చిన్న యూవై కనెక్టర్లు నాలుగు ఇచ్చిపోయాడు.

వెళ్ళేముందు నా కోరిక మీద ఇంకో కొలత తీశాం. ఎక్స్ఛేంజీలో మా లైన్ విడదీసి రెండు వైర్లూ కలపమని చెప్పి, ఇక్కడ ఓములు, అంటే వైరు కరెంటును ఎంత అడ్డుకుంటోందో చూశాను. 312, ముల్లు కదల్లేదు. కేబుల్‌లో ఉన్నది 0.5 మిల్లీమీటర్ల రాగి అన్నాడు. దానికి రానుపోను కిలోమీటరుకు 170 ఓముల చిల్లర పడుతుంది. లెక్క వేస్తే 1.8 కిలోమీటర్లు, కేబుల్ తిరిగొచ్చే దారికి సరిపోతోంది. పాత వైరు తీసేముందు ఇదే కొలత గాలికి 500 నుంచి 900 మధ్య గంతులేసింది. టీ తాగి, ఆ కోసిన జాయింటు ముక్క తనే అడిగి పట్టుకెళ్ళాడు, కొత్తగా చేరిన కుర్రాళ్ళకు చూపిస్తానని.

నవంబరు 13, ఆదివారం

అయిదు రోజులుగా 44,000 లేదా 45,333. నిన్న రాత్రి 2 గంటల 10 నిమిషాలు ఒక్క కట్ లేదు, రీట్రెయిన్‌లు సున్నా. ఎస్10ను తిరిగి 14కు దించాను.

అన్నయ్య పొద్దున చేశాడు. అమ్మ మొదట అలవాటుగా గట్టిగా అరిచింది, తర్వాత గొంతు తగ్గించింది. 25 నిమిషాలు మాట్లాడుకున్నారు. వాడి వెనకాల పాప ఆడుకుంటున్న చప్పుడు కూడా వినిపిస్తోందని మధ్యలో నన్ను పిలిచి రిసీవర్ నా చెవి దగ్గర పెట్టింది. నాకూ వినిపించింది.

నవంబరు 27, ఆదివారం

మూడు రోజులు వదలని వాన. ఆగీ ఆగకుండా కురుస్తున్నప్పుడే కొలిచాను: 48.9. చిటపట లేదు.

శుక్రవారం రెండుసార్లు కట్ అయితే గుండె జారింది. లాగ్ చూస్తే రీట్రెయిన్‌లు లేవు, స్పీడు పడిపోలేదు, ఉన్నట్టుండి తెగింది. రెండుసార్లూ అదే నిమిషంలో నాన్న స్నేహితుడు ఫోన్ చేశాడని తర్వాత తెలిసింది. కాల్ వెయిటింగ్ బీప్ మోడెమ్ సిగ్నల్ మధ్యలో దూరుతుంది. ఆ సదుపాయం తీసేయమని చెప్పాను, నిన్నటి నుంచి లేదు.

ఈ సాయంత్రం పెద్దమ్మ ఇంటి రోసెట్ విప్పాను, వాళ్ళ ఫోన్ కూడా ఈ మధ్య గరగరమంటోందంది. అదే పచ్చ కిలుము, అదే తెల్లపొడి. స్క్రూలు మార్చి, వేజలిన్ రాసి, వైరు కొసలు కత్తిరించి కొత్త రాగి బిగించాను. మీటరులో 49.2. ఒక అంకె నొక్కి రిసీవర్ పెద్దమ్మ చెవి దగ్గర పెట్టాను. "ఏమీ వినపళ్ళేదే" అంది.

"అదే కావాలి పెద్దమ్మా" అన్నాను.